దర్జీ యువకుడికి బీజగణితం నేర్పిన ఆయిలర్

పదో తరగతి గణిత పుస్తకం తెరిచిన తెలుగు విద్యార్థికి ఎదురయ్యే తొలి అధ్యాయం వాస్తవ సంఖ్యలు. ఆ తరువాత బహుపదులు, రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు వస్తాయి. చాలామందికి గణితమంటే భయం పట్టుకునేది ఈ మెట్ల దగ్గరే. రెండు ఋణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుందో, వర్గమూలం కింద మిగిలిపోయిన సంఖ్యకు అర్థమేమిటో తెలియకుండానే పై తరగతులకు వెళ్లిపోయేవారు ఎందరో. రెండున్నర శతాబ్దాల కిందట ఈ మెట్లనే ఒక్కొక్కటిగా పేర్చి, ఒక సామాన్య దర్జీ యువకుడిని చేయి పట్టుకుని ఎక్కించిన మహనీయుడు లియొనార్డ్ ఆయిలర్. అప్పటికి ఆయన వయసు అరవై ఏళ్లు. కళ్లు దాదాపు కనిపించని స్థితి. ప్రపంచంలోని గణితవేత్తలందరూ గురువుగా భావించే కీర్తి. అంతటివాడు కూడిక, తీసివేతల దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక పాఠ్యపుస్తకం చెప్పి రాయించడం గణిత చరిత్రలో ఒక అపురూప ఘట్టం.

తండ్రే తొలి గురువు

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించారు. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి మార్గరెట్ బ్రూకర్. లియొనార్డ్ పుట్టిన కొద్దికాలానికే కుటుంబం సమీపంలోని రీహెన్ గ్రామానికి తరలిపోయింది. పాల్ ఆయిలర్ విద్యార్థి దశలో సుప్రసిద్ధ గణితవేత్త యాకోబ్ బెర్నూలీ ఉపన్యాసాలు విన్నవాడు. మతబోధన వృత్తిగా స్వీకరించినా గణితంపై మక్కువ వీడలేదు. కుమారునికి లెక్కల ఓనమాలు దిద్దించింది ఆయనే.

ఆ బాలుని చేతికి తండ్రి ఇచ్చిన పుస్తకం మామూలుది కాదు. క్రిస్టోఫ్ రుడోల్ఫ్ రచించగా మైఖేల్ స్టీఫెల్ విస్తరించి 1553లో ప్రచురించిన జర్మన్ బీజగణిత గ్రంథమది. అప్పటికే ఒకటిన్నర శతాబ్దం పాతది. గుర్తులు వేరు, భాష కఠినం. చిన్న వయసులోనే దానిలోని సమస్యలతో ఆయిలర్ కొన్నేళ్లపాటు కుస్తీ పట్టారు. తోవ చూపే మెట్లు లేని పుస్తకంతో కుస్తీ పట్టడమంటే ఏమిటో ఆయనకు ఆ వయసులోనే అనుభవమైంది. ఆ తరువాత చదివిన బాసెల్ పాఠశాలలో గణిత బోధనే లేదు. తండ్రి ప్రత్యేకంగా ఒక ఉపాధ్యాయుని కుదర్చవలసి వచ్చింది.

శనివారం సందేహాలు

పదమూడేళ్ల ప్రాయంలో 1720లో ఆయిలర్ బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ గణితాచార్యుడు యోహాన్ బెర్నూలీ. యాకోబ్‌కు తమ్ముడు, ఐరోపాలో పేరుమోసిన పండితుడు. తీరిక లేని కారణంగా ఆ బాలునికి విడిగా పాఠాలు చెప్పేందుకు ఆయన అంగీకరించలేదు. బదులుగా కఠినమైన గ్రంథాలను సూచించి, సొంతంగా చదువుకొమ్మన్నారు. అర్థం కానివి ఉంటే ప్రతి శనివారం మధ్యాహ్నం తన వద్దకు రావచ్చునని అనుమతించారు.

ఈ ఏర్పాటే ఆయిలర్‌ను తీర్చిదిద్దింది. వారమంతా తానే ప్రయత్నించి, నిజంగా మింగుడుపడని సందేహాలనే గురువు ముందుంచేవారు. ఒక చిక్కు విడిపోతే దాని వెంట మరో పది చిక్కులు వాటంతటవే విడిపోయేవని ఆయన తరువాతి కాలంలో జ్ఞాపకం చేసుకున్నారు. 1723లో డెకార్ట్, న్యూటన్ సిద్ధాంతాలను పోల్చి ప్రసంగించి ఎం.ఏ. పట్టా పొందారు. కుమారుడు తనలాగే మతాచార్యుడు కావాలని తండ్రి కోరిక. ఆ బాలుడు గణితానికే పుట్టాడని యోహాన్ బెర్నూలీ నచ్చజెప్పిన మీదట తండ్రి తన పట్టు సడలించారు.

పారిస్ విజ్ఞాన అకాడమీ 1727లో ఓడలకు తెరచాప స్తంభాలను ఎక్కడ అమర్చాలన్న విషయంపై పోటీ పెట్టింది. సముద్రతీరమే లేని దేశంలో పెరిగిన ఇరవై ఏళ్ల ఆయిలర్ కేవలం లెక్కల బలంతో రాసిన వ్యాసం ఆ పోటీలో ద్వితీయ స్థానం పొందింది. తరువాతి కాలంలో అదే అకాడమీ బహుమతిని ఆయన పన్నెండుసార్లు గెలుచుకున్నారు.

రష్యా పిలుపు

స్వదేశంలో ఉద్యోగం దొరకని ఆయిలర్‌కు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ నుంచి ఆహ్వానం అందింది. 1727 ఏప్రిల్‌లో బాసెల్ విడిచి మేలో ఆ నగరం చేరారు. మళ్లీ ఏనాడూ ఆయన స్వస్థలంలో నివసించలేదు. 1730లో భౌతికశాస్త్ర ఆచార్యునిగా, 1733లో డేనియల్ బెర్నూలీ స్థానంలో గణితాచార్యునిగా నియమితులయ్యారు. 1734 జనవరిలో చిత్రకారుడు గియోర్గ్ గ్సెల్ కుమార్తె కాథరీనాను వివాహమాడారు. వారికి పదముగ్గురు సంతానం కలుగగా పెద్దవారై నిలిచింది ఐదుగురే. ఒడిలో పసిబిడ్డ, చుట్టూ ఆడుకునే పిల్లలు ఉండగానే కఠినమైన గణిత పత్రాలు రాయగలిగేవారని ఆయన గురించి చెబుతారు.

పూర్ణసంఖ్యల వర్గాలను హారాలుగా ఉంచిన భిన్నాలను అనంతంగా కూడితే ఎంత వస్తుందన్నది దశాబ్దాలుగా ఎందరినో వేధించిన ప్రశ్న. 1735లో ఆయిలర్ దాన్ని ఛేదించి, ఆ మొత్తం పై వర్గంలో ఆరో వంతు అని చూపడంతో ఆయన కీర్తి ఐరోపా అంతటా వ్యాపించింది. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలను ఒక్కోదాన్ని ఒక్కసారే దాటి చుట్టిరావడం అసాధ్యమని నిరూపించింది కూడా ఈ కాలంలోనే. గ్రాఫ్ సిద్ధాంతానికి అదే పునాది.

ఇంతటి పరిశోధనల నడుమ ఆయన చేసిన మరో పనిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అకాడమీకి అనుబంధంగా నడిచిన పాఠశాల పిల్లల కోసం అంకగణిత వాచకం రాశారు. అది 1738, 1740లలో రెండు భాగాలుగా వెలువడింది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, భిన్నాలు అందులోని విషయాలు. నియమాన్ని కంఠస్థం చేయించడంతో సరిపెట్టుకోకుండా దాని వెనుక ఉన్న కారణాన్ని కూడా విద్యార్థికి తెలపాలన్నది ఆ పుస్తకంలో ఆయన అనుసరించిన పద్ధతి. ముప్పై ఏళ్ల తరువాత వచ్చిన బీజగణిత గ్రంథానికి బీజం ఇక్కడే పడింది.

ఒక కన్ను పోయింది

తీవ్రమైన జ్వరానికి గురైన ఆయిలర్ 1738 నాటికి కుడికంటి చూపు దాదాపు కోల్పోయారు. పని మాత్రం ఆగలేదు. రష్యాలో రాజకీయ పరిస్థితులు అల్లకల్లోలం కావడంతో 1741లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఆహ్వానంపై బెర్లిన్ వెళ్లి పాతికేళ్లు గడిపారు. 1748లో అనంత విశ్లేషణకు ప్రవేశిక, 1755లో అవకలన గణిత గ్రంథం ప్రచురించారు. కాలువ నిర్మాణానికి కొలతలు, ప్రభుత్వ లాటరీకి లెక్కలు, ఉద్యాన వనంలో నీటి పంపుల ఏర్పాటు వంటి రాజు అప్పగించిన పనులూ చూసేవారు. అయినా ఫ్రెడరిక్‌కు ఆయన నచ్చలేదు. రాజు కోరుకున్నది చమత్కార సంభాషణ. ఆయిలర్ నిరాడంబరుడు, దైవభక్తుడు, మితభాషి. ఆయన ఒంటికన్నును ఎద్దేవా చేయడానికి కూడా రాజు వెనుకాడలేదు.

ఆస్థానంలో దొరకని ఆదరణ పాఠకుల వద్ద దొరికింది. 1760 నుంచి 1762 వరకు ఒక యువ రాకుమారికి విజ్ఞానశాస్త్రాన్ని బోధిస్తూ ఆయిలర్ రెండు వందలకు పైగా లేఖలు రాశారు. 1768 మొదలుకొని 1772 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆ లేఖలు అనేక భాషల్లోకి అనువాదమయ్యాయి. క్లిష్టమైన విషయాన్ని ఏమీ తెలియని వ్యక్తికి సైతం విడమరిచి చెప్పగల నేర్పు ఆయనకు ఉందని వాటితో లోకానికి తెలిసింది.

అంధత్వం ముంగిట ఆరంభ పాఠాలు

రాణి రెండో కాథరిన్ కోరికపై 1766లో ఆయిలర్ మళ్లీ సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరుకున్నారు. వచ్చిన కొద్దికాలానికే మిగిలిన ఎడమకంటికి శుక్లం కమ్ముకుంది. నల్లబల్లపై పెద్ద అక్షరాలు గీస్తే తప్ప గుర్తించలేని స్థితి ఏర్పడింది. అరవయ్యో పడిలో పడిన గణితవేత్తకు చూపు పోవడమంటే కలం, కాగితం రెండూ చేజారినట్లే.

ఆ సమయంలో ఆయన ఎంచుకున్న పని బీజగణితం తొలి పాఠాలు చెప్పే పుస్తకం. బెర్లిన్ నుంచి తన వెంట ఒక యువకుడిని సేవకునిగా తెచ్చుకున్నారు. అతడు దర్జీ పని నేర్చినవాడు. మామూలు కూడికలు, గుణకారాలు తప్ప గణితంలో అతనికి ప్రవేశం లేదు. తెలివితేటల్లోనూ సామాన్యుడే. ఆయిలర్ చెబుతుంటే అతడు రాశాడు. రాస్తూ రాస్తూ ప్రతి మెట్టూ గ్రహించాడు. పుస్తకం పూర్తయ్యేనాటికి ఎవరి సాయమూ లేకుండా కఠినమైన బీజగణిత సమస్యలను సాధించగలిగే స్థాయికి చేరాడు. ఈ సంగతిని ఆ గ్రంథానికి ప్రచురణకర్తలు రాసిన పీఠికే వెల్లడిస్తోంది.

పాఠ్యపుస్తకానికి ఇంతకు మించిన పరీక్ష వేరే ఉండదు. సాధారణంగా పండితుడు రాసిన పుస్తకాన్ని మరో పండితుడు పరిశీలిస్తాడు. మధ్యలో ఒక మెట్టు జారిపోయినా అతడు గమనించడు, ఎందుకంటే ఆ మెట్టు అతనికి ముందే తెలుసు. ఏమీ తెలియని యువకుడు లేఖకుడిగా ఉన్నప్పుడు ఆ అవకాశం లేదు. అతనికి బోధపడితేనే పాఠం ముందుకు సాగుతుంది.

ఈ గ్రంథం తొలుత 1768, 1769లలో సార్వత్రిక అంకగణితం అన్న పేరుతో రష్యన్ అనువాదంగా వెలువడింది. జర్మన్ మూలం 1770లో అచ్చయింది. 1774లో ఫ్రెంచి అనువాదం వచ్చినప్పుడు మహాగణితవేత్త లగ్రాంజ్ దానికి అనుబంధం రాశారు. 1797లో ఇంగ్లీషులోకి వెళ్లింది. తరువాతి శతాబ్దంలోనూ పలుమార్లు పునర్ముద్రణ పొందింది.

అప్పు ద్వారా ఋణసంఖ్య

పెంచడానికీ తగ్గించడానికీ వీలైన దేనినైనా రాశి అనవచ్చునన్న సులభమైన భావనతో ఆయిలర్ పాఠం మొదలవుతుంది. వెంటనే ధన, ఋణ గుర్తులకు వస్తారు. చేతిలో ఏమీ లేకపోగా 50 నాణేల అప్పు ఉన్న మనిషిని ఊహించుకొమ్మంటారు. అతనికి ఎవరైనా 50 నాణేలు ఇస్తే అప్పు తీరి సున్నా దగ్గరికి వస్తాడే తప్ప ధనవంతుడు కాడు. కనుక అతని ఆస్తి సున్నా కంటే 50 తక్కువ. ఋణసంఖ్య అంటే ఇంతే.

ఇది ఇప్పుడు తేలికగా తోచవచ్చు. నాటి ఐరోపాలో మాత్రం చదువుకున్నవారే ఋణసంఖ్యలను శంకించేవారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే పండితుడు వాటిని బీజగణితం నుంచి బహిష్కరించాలని వాదిస్తూ 1758లో ఒక గ్రంథమే రాశారు. ఏమీ లేని స్థితి కంటే తక్కువ ఎలా ఉంటుందన్నది అటువంటివారి ఆక్షేపణ. మన దేశంలో ఈ చిక్కు చాలాముందే విడిపోయింది. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధనం, ఋణం, శూన్యం మూడింటికీ కూడిక, గుణకార నియమాలు చెప్పాడు. తెలుగు బడిలో నేటికీ వాడే ఋణసంఖ్య అన్న మాటలోనే అప్పు అన్న అర్థం దాగి ఉంది. ఆయిలర్ ఉపమానంతో చెప్పవలసి వచ్చినదాన్ని మన పిల్లలకు ఆ పదమే చెబుతుంది. ఆ సంగతి వారికి గుర్తుచేయడమే ఉపాధ్యాయుని పని.

మూడు నాణేల అప్పు నలుగురి వద్ద చేస్తే మొత్తం అప్పు 12. అంటే ధనసంఖ్యతో ఋణసంఖ్యను గుణిస్తే ఋణమే వస్తుంది. మరి రెండూ ఋణాలైతే? సంఖ్య 12 అన్నది ఖాయం, తేలవలసింది గుర్తు మాత్రమే అంటారు ఆయిలర్. ధనంతో గుణించినప్పుడు ఋణం వచ్చింది గనుక, ఋణంతో గుణించినప్పుడూ అదే రావడం పొసగదు. కాబట్టి ధనమే కావాలన్నది ఆయన తర్కం. నేటి ఉపాధ్యాయులు దీనిని మరింత గట్టిగా నిరూపిస్తారు. 4కు −4 కలిపితే సున్నా. సున్నాను −3తో గుణిస్తే సున్నాయే. 4ను −3తో గుణిస్తే −12. కనుక −4ను −3తో గుణిస్తే వచ్చేది ఆ −12ను సున్నా చేసేదై ఉండాలి. అది +12 తప్ప మరొకటి కాదు. ఈ ఒక్క మెట్టు అర్థమైన విద్యార్థికి గుర్తుల నియమాలు వల్లె వేయవలసిన అవసరం ఉండదు.

అందీ అందని వర్గమూలం

పూర్ణసంఖ్యల నుంచి భిన్నాలకు, భిన్నాల నుంచి వర్గమూలాలకు పాఠం సాగుతుంది. ఇక్కడ ఆయిలర్ ఎంచుకున్న ఉదాహరణ 12 వర్గమూలం. 3 వర్గం 9, 4 వర్గం 16. కాబట్టి కావలసిన సంఖ్య 3కూ 4కూ మధ్య ఉంది. మూడున్నర వేసి చూస్తే దాని వర్గం పన్నెండుంపావు, కొంచెం ఎక్కువ. 52/15 తీసుకుంటే వర్గం 2704/225. 12 అంటే 2700/225 గనుక ఇంకా 4/225 ఎక్కువే. 45/13 తీసుకుంటే వర్గం 2025/169. 12 అంటే 2028/169. ఈసారి 3/169 తక్కువ. దగ్గరగా వస్తున్నా సరిగ్గా అందదు.

ఎంత వెతికినా అందదని కూడా ఆయన వివరిస్తారు. సూక్ష్మీకరించిన భిన్నాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది భిన్నమే అవుతుంది గాని పూర్ణసంఖ్య కాజాలదు. పూర్ణసంఖ్య ఏదీ సరిపోదని ముందే తేలింది. కనుక 12 వర్గమూలం పూర్ణసంఖ్యా కాదు, భిన్నమూ కాదు. అయినా అది ఉంది, ఏ రెండు సంఖ్యల మధ్య ఉందో చెప్పగలం, కావలసినంత దగ్గరకు చేరగలం. వీటినే నేడు మన పాఠ్యపుస్తకాల్లో కరణీయ సంఖ్యలంటున్నాం. భిన్నరూపంలో రాయగలిగేవి అకరణీయాలు. రెండూ కలిసినవే వాస్తవ సంఖ్యలు. సహజ సంవర్గమానాలకు ఆధారమైన, 2.71828తో మొదలయ్యే సంఖ్య కరణీయమని 1737లోనే నిరూపించిన ఆయిలర్ దర్జీ యువకుడికి మాత్రం ఆ సంగతులతో బరువు పెంచలేదు. 12తోనే మొదలుపెట్టి, చేతికందే భిన్నాలతోనే విషయం తేల్చారు.

వీలునామా, కోడిగుడ్లు

సమీకరణాల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఇంటి సంగతులు, సంత సంగతులు తెస్తారు. ఒక తండ్రి ముగ్గురు కుమారులకు 1600 నాణేలు వదిలి వెళ్లాడు. పెద్దవానికి రెండోవాని కంటే 200, రెండోవానికి చిన్నవాని కంటే 100 ఎక్కువ రావాలి. చిన్నవాని వాటా తెలియదు గనుక దానికి ఒక అక్షరం పెట్టుకుంటే రెండోవానిది దానికంటే 100, పెద్దవానిది 300 ఎక్కువ. మూడూ కలిపితే ఆ అక్షరానికి మూడు రెట్లు, అదనంగా 400. ఇది 1600కు సమానం. 400 తీసివేస్తే 1200, మూడో వంతు 400. వాటాలు వరుసగా 400, 500, 700. తెలియనిదానికి పేరు పెట్టి, తెలిసినదాని వలె చూడటమే బీజగణితం రహస్యమని ఈ ఒక్క లెక్క తేటతెల్లం చేస్తుంది.

మరో లెక్కలో ఇద్దరు పల్లెపడుచులు కలిసి 100 గుడ్లు సంతకు తీసుకెళ్లారు. గుడ్ల సంఖ్య వేరైనా ఇద్దరికీ ఒకే మొత్తం వచ్చింది. నీ గుడ్లు నా ధరకు అమ్మి ఉంటే 15 నాణేలు వచ్చేవని మొదటామె అంది. నీవి నా ధరకు అమ్మి ఉంటే ఆరు నాణేల రెండు మూడో వంతులు వచ్చేవని రెండో ఆమె బదులిచ్చింది. ఎవరివి ఎన్ని? సమీకరణం రాసి సవరిస్తే మొదటామె గుడ్ల వర్గానికి 9 రెట్లు, రెండో ఆమె గుడ్ల వర్గానికి 4 రెట్లు సమానమని తేలుతుంది. రెండు వైపులా వర్గమూలం తీస్తే మొదటిదానికి 3 రెట్లు, రెండోదానికి 2 రెట్లు సమానం. అంటే 40, 60. మొదటామె గుడ్డు పావు నాణేనికి, రెండో ఆమె నాణెంలో ఆరో వంతుకు అమ్మారు. ఇద్దరికీ వచ్చింది పదేసి నాణేలు. భయపెట్టే వర్గ సమీకరణం సంతలో మాటల నుంచే పుట్టి, రెండు మూడు మెట్లలో విడిపోతుంది.

గ్రంథంలో లోపాలు లేకపోలేదు. ఋణసంఖ్యల వర్గమూలాలను గుణించే చోట ఆయన రాసిన ఫలితం నేటి నియమానికి సరిపోదు. ఫెర్మా ప్రతిపాదనలో ఘనాలకు సంబంధించి ఇచ్చిన నిరూపణలో ఒక మెట్టు పూర్తి సమర్థన లేకుండా మిగిలింది. వాస్తవ సంఖ్యలకు నిర్దుష్టమైన నిర్వచనం 1872లో రిచర్డ్ డెడెకిండ్ ప్రచురించే వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఆలోచన డెడెకిండ్‌కు తట్టింది 1858లో, జ్యూరిక్‌లో కలన గణితం తొలి పాఠాలు చెప్పవలసి వచ్చినప్పుడే. ఆరంభ పాఠాన్ని నిజాయితీగా చెప్పాలనుకున్నవారే శాస్త్రం పునాదులను బలపరిచారనడానికి ఇది మరో నిదర్శనం.

చీకటిలో వెలుగు

1771 ఆయిలర్‌కు కష్టాల సంవత్సరం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చెలరేగిన అగ్నిప్రమాదంలో ఆయన ఇల్లు కాలిపోయింది. బాసెల్‌కే చెందిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి చొచ్చుకెళ్లి, చూపులేని ఆ వృద్ధుని భుజాన వేసుకుని బయటకు తెచ్చాడు. రాతప్రతులు చాలావరకు దక్కాయి. అదే ఏడు ఎడమకంటికి శస్త్రచికిత్స జరిగి కొద్దిరోజులు చూపు వచ్చింది. అంతలోనే కంటికి సోకిన రోగం ఆ వెలుగునూ హరించింది. 1773లో భార్య కాథరీనా కన్నుమూశారు.

ఇన్ని దెబ్బలు తగిలినా ఆయన కృషి తగ్గకపోగా పెరిగింది. కుమారుడు ఆల్బ్రెక్ట్, శిష్యులు నికొలాస్ ఫుస్, లెక్సెల్, క్రాఫ్ట్ ఆయన చెప్పినవి రాసి, సవరించి అకాడమీకి సమర్పించేవారు. ఆయన రచనల్లో దాదాపు సగం చూపు పోయిన తరువాత వచ్చినవే. లాటిన్ మహాకావ్యం ఈనియడ్ మొత్తం ఆయనకు కంఠస్థం. సుదీర్ఘ గణనలను మనసులోనే చేసేవారు. ఒకసారి ఇద్దరు శిష్యులు ఒకే లెక్క చేసి యాభయ్యో స్థానంలో తేడా రాగా, ఎవరిది తప్పో ఆయన మనసులోనే లెక్కించి తేల్చారని ప్రతీతి.

1783 సెప్టెంబర్ 18న ఆయిలర్ మధ్యాహ్న భోజనం చేసి, అంతకు రెండేళ్ల ముందు కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్య గురించి లెక్సెల్‌తో చర్చించారు. ఆ తరువాత మెదడులో రక్తస్రావమై స్పృహ తప్పి, ఆ రాత్రే కన్నుమూశారు. వయసు 76 ఏళ్లు. అచ్చుకాకుండా మిగిలిన ఆయన రచనలను అకాడమీ మరో అర్ధ శతాబ్దం పాటు ప్రచురిస్తూ వచ్చింది. గుస్తావ్ ఎనెస్ట్రోమ్ రూపొందించిన పట్టికలో ఆయన రచనల సంఖ్య 866. స్విట్జర్లాండులో 1911లో ఆరంభమైన సమగ్ర రచనల ప్రచురణ 80కి పైగా సంపుటాలకు విస్తరించింది. స్వదేశం ఒకప్పటి పది ఫ్రాంకుల నోటుపై ఆయన చిత్రాన్ని ముద్రించి గౌరవించింది.

విద్యార్థులకు వరం

వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తికి పై గుర్తును వ్యాప్తిలోకి తెచ్చింది, ప్రమేయానికి నేడు వాడే సంకేతాన్ని, సంకలనానికి సిగ్మా గుర్తును ఇచ్చింది ఆయిలరే. తెలుగు విద్యార్థి ఇంటర్మీడియెట్ వరకు వాడే గుర్తుల్లో ఎన్నో ఆయన చేతి మీదుగా వచ్చినవే. పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నేలపై పుట్టిన మన పిల్లలకు లెక్క అన్నది పరాయి విద్య కాదు.

బీజగణితం రాదనుకునే విద్యార్థికి ఆయిలర్ గ్రంథం ఇచ్చే ధైర్యం ఒక్కటే. లోపం చాలాసార్లు తెలివిలో ఉండదు, ఎక్కడో జారిపోయిన మెట్టులో ఉంటుంది. ఆ మెట్టు ఏదో వెతికి, భిన్నాలైతే భిన్నాల దగ్గరకు, గుర్తులైతే గుర్తుల దగ్గరకు వెనక్కి వెళ్లి నేర్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఐరోపా విజ్ఞాన అకాడమీలు నెత్తిన పెట్టుకున్న మేధావి, చూపు కరిగిపోతున్న వేళ, సూది దారం పట్టిన చేతికి కూడికలు, తీసివేతలు మళ్లీ మొదటి నుంచి చెప్పడాన్ని చిన్నతనంగా భావించలేదు. వినేవాడు సామాన్యుడే అయినా, చెప్పేవాడు ఏ మెట్టూ దాటవేయకపోవడం వల్ల, ఆ చేయి చివరకు సమీకరణాలు సాధించింది.